కుదురు లేని పసివాడికి ఆగడం నేర్పడం ఎలా?

ఆర్కే బీచ్‌లో ఒక ఆదివారం సాయంత్రం. మా రెండోవాడికి అప్పటికి నాలుగేళ్లు. మురీ మిక్చర్ బండి దగ్గర చిల్లర తీయడానికి వాడి చేయి వదిలాను. అంతే, అలల వైపు పరుగు తీశాడు. ‘ఆగు నాన్నా’ అని గొంతు చించుకుని అరిచాను. మోకాలి లోతు నీటిలోకి దిగినవాణ్ని ఎవరో పెద్దాయన రెక్క పట్టుకుని తెచ్చి అప్పగించారు. ఎందుకలా పరుగెత్తావని అడిగితే ఏడుస్తూ ‘నాకు తెలియదమ్మా, కాళ్లు వెళ్లిపోయాయి’ అన్నాడు.

వాడు చెప్పింది అక్షరాలా నిజమని అర్థం కావడానికి నాకు చాలా నెలలు పట్టింది. అప్పటికే నేను విశాఖలో ఒక చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను. అయినా సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అది మొండితనంలాగే కనిపించింది. ఒంటరిగా నీళ్ల దగ్గరికి వెళ్లకూడదని వాడికి తెలుసు, అడిగితే చెప్పేవాడు. కానీ తెలిసిన ఆ సంగతి, కాలు కదిలే క్షణానికి వాడికి అందలేదు. కోరిక పుట్టడానికీ పని జరగడానికీ మధ్య మనిషిని ఒక్క క్షణం నిలబెట్టేది మెదడు ముందుభాగం. అది చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. ఇరవై ఏళ్లు దాటాక గాని దాని ఎదుగుదల పూర్తి కాదు. మూడు నుంచి ఐదేళ్ల వయసులో అది పిల్లలందరిలోనూ లేతగానే ఉంటుంది. కొందరిలో ఇంకా ఆలస్యమవుతుంది. అలాంటివాళ్లలో కొందరికి వైద్యులు ఏడీహెచ్‌డీ అని పేరు పెడతారు, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఆగలేకపోవడం వయసుకు మించి ఉండే స్థితి.

అందుకే పని జరిగిపోయాక చెప్పే నీతి ఈ పిల్లలకు అక్కరకు రాదు. పని జరగబోయే చోట, జరగబోయే క్షణంలో మనం పక్కన ఉండి, వాళ్లకింకా రాని నిగ్రహాన్ని కొంతకాలం అరువివ్వాలి. కింద రాసిన అడుగులన్నీ ఆ అరువు ఎలా ఇవ్వాలో చెప్పేవే. ‘పిల్లవాడు’ అని రాస్తున్నా ఇవన్నీ ఆడపిల్లలకూ వర్తిస్తాయి. ఆడపిల్లల్లో చాలాసార్లు దూకుడు కంటే పరధ్యానమే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అది ఇంకా అన్యాయం.

మొదటి అడుగు: రెండు వారాలు రాసి పెట్టండి

చిన్న నోటు పుస్తకం ఒకటి వంటింట్లో వేలాడదీయండి. గొడవ జరిగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు, అంతకు ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత మీరు ఏం చేశారు. ‘చాలా అల్లరి చేశాడు’ అని రాస్తే లాభం లేదు. ‘సాయంత్రం 6:20. టీవీ కట్టేశాను. రిమోట్ విసిరాడు. ఏడుపు ఆపడానికి మళ్లీ పెట్టాను’ అని రాయండి. ఈ ఒక్క నమోదులోనే రోగమూ ఉంది, మందూ ఉంది. విసిరితే టీవీ తిరిగి వస్తుందని మనమే నేర్పాం.

మా వాడి పుస్తకంలో రెండు వారాల తర్వాత చూస్తే మూడు వంతుల గొడవలు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు మధ్యే ఉన్నాయి. బడి ఆటోలో నిద్ర తూగుతూ వచ్చేవాడు, ఆకలితో ఉండేవాడు, అదే సమయానికి నేను వంటలో ఉండేదాన్ని. ఐదింటికి ఉడికించిన శనగలో, అరటిపండో పెట్టి, అరగంట కిందికి తీసుకెళ్లడం మొదలుపెట్టాక సగం గొడవలు వాటంతట అవే పోయాయి.

రెండో అడుగు: వయసుకు తగినదేనా అని చూడండి

మూడేళ్లవాడు ఒకే పని మీద కొద్ది నిమిషాలకు మించి నిలవకపోవడం, వంతు కోసం ఆగలేకపోవడం, బొమ్మ లాక్కోవడం మామూలే. వాణ్ని పెద్దమ్మగారి ఆరేళ్ల కొడుకుతో పోల్చకండి. బడిలో కూడా, తరగతి మొత్తంలో చిన్నవాడైన పిల్లవాణ్ని నిలకడ లేనివాడిగా ముద్ర వేయడం ఎక్కువని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు చూపాయి. ఆగస్టులో పుట్టినవాడూ, ముందటి సెప్టెంబరులో పుట్టినవాడూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ వయసులో పదకొండు నెలల తేడా చాలా పెద్దది.

ఆందోళన పడవలసినది ఎప్పుడంటే, తోటి వయసు పిల్లలతో పోల్చినా తేడా కొట్టొచ్చినట్లు కనిపించినప్పుడు, అది ఇంట్లోనూ బడిలోనూ కనిపించినప్పుడు, ఆరు నెలలైనా తగ్గనప్పుడు, దానివల్ల స్నేహాలూ నేర్చుకోవడమూ దెబ్బతింటున్నప్పుడు. ఒక్క ఇంట్లోనే ఉండి బడిలో లేకపోతే, సమస్య వాడి మెదడులో కంటే ఇంటి పద్ధతుల్లో ఉండవచ్చు.

మూడో అడుగు: ముందు శరీరం సంగతి తేల్చుకోండి

నిద్రతో మొదలుపెట్టండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పెద్దవాళ్లు నీరసపడతారు. పిల్లలు మాత్రం రెచ్చిపోతారు. రాత్రి పదకొండింటికి పడుకుని ఏడింటికి లేచే నాలుగేళ్లవాడికి ఏకాగ్రత లేదని బాధపడే ముందు, రెండు వారాలు తొమ్మిదింటికి పడుకోబెట్టి చూడండి.

నోరు తెరిచి పడుకుంటున్నాడా, గట్టిగా గురక పెడుతున్నాడా? ముక్కు వెనక ఉండే గ్రంథి వాచి గాలికి అడ్డుపడితే నిద్ర ముక్కలై, పగలు అచ్చం దూకుడు స్వభావంలాగే కనిపిస్తుంది. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి మందగిస్తుంది. పిలిస్తే పలకనివాడు వినడం లేదా, వినపడటం లేదా అన్నది పరీక్షతోనే తేలుతుంది. కళ్లు కూడా చూపించండి.

రక్తహీనతను తేలిగ్గా తీసుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి అది ఉంది. ఇనుము తగ్గితే చిరాకు, అలసట, ధ్యాస నిలవకపోవడం వస్తాయి. మన ఇళ్లలో పసివాళ్లకు కూడా టీ ఇచ్చే అలవాటుంది. తిండితో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చక్కెర తింటే పిల్లలు రెచ్చిపోతారన్న నమ్మకానికి మాత్రం పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. దంతాల కోసం చక్కెర మానిపించండి, మంచిదే. దూకుడు తగ్గుతుందని ఆశపడకండి.

టీవీ, ఫోను తెర సంగతి సూటిగా చెబుతాను. ఈ వయసుకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రోజులో మూడు గంటలు ఒళ్లు కదలాలని, అందులో గంటైనా ఆయాసం వచ్చేలా ఆడాలని కూడా అదే చెప్పింది. అపార్టుమెంటు గదుల్లో మూడు గంటల కదలిక దొరకదు. మన ఊరి ఉక్కపోతలో ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాత శివాజీ పార్కుకో, వుడా పార్కుకో, ఏదీ దగ్గర లేకపోతే వీధి చివరి ఖాళీ స్థలానికో తీసుకెళ్లండి. అన్నం తినిపించడానికి ఫోను చేతికివ్వడం మాత్రం ఈ రోజే ఆపండి.

నాలుగో అడుగు: ఇంటిని సర్దండి

వాడి చేయి ఆగదని తెలిశాక చేయి పడే చోటు మార్చాలి. బాల్కనీలో కుర్చీలు, పూలకుండీలు గోడకు ఆనించి ఉంచకండి, వాటినెక్కి తొంగి చూస్తారు. వీధి తలుపుకు పైన గడియ పెట్టించండి. గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. మందులు, అగ్గిపెట్టెలు అందని ఎత్తులో ఉంచండి. బొమ్మలన్నీ ఒకేసారి బయట పరచకుండా నాలుగైదు మాత్రమే ఉంచి, మిగతావి దాచి వారానికోసారి మార్చండి. ఎదురుగా ఇరవై బొమ్మలుంటే ఏ ఒక్కదాని మీదా ధ్యాస నిలవదు.

ఐదో అడుగు: చెప్పే తీరు మార్చండి

అన్నిటికంటే త్వరగా ఫలితం కనిపించేది ఇక్కడే. వంటింట్లోంచి హాల్లోకి అరిచి చెప్పే మాట ఈ పిల్లలకు గోడ మీది గడియారం చప్పుడుతో సమానం. పొయ్యి తగ్గించి వాడి దగ్గరికి నడవండి. వాడి ఎత్తుకు కూర్చోండి. భుజం మీద చేయి వేసి, పేరు పెట్టి పిలిచి, కళ్లు కలిశాక ఒకే ఒక్క మాట చెప్పండి: ‘నాన్నా, చెప్పులు గూట్లో పెట్టు.’ చెప్పి మౌనంగా పది అంకెలు లెక్కపెట్టుకోండి. ఆ పది అంకెలలోపు మళ్లీ చెప్పకండి. వాడికి విన్నదాన్ని పనిగా మార్చుకోవడానికి ఆ వ్యవధి కావాలి. మనం తొందరపడి నాలుగుసార్లు చెబితే, నాలుగోసారి వరకు వినక్కర్లేదని నేర్చుకుంటాడు.

చేయకూడనిది కాదు, చేయవలసినది చెప్పండి. మన భాషలో దీనికి ఇంకో కారణం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగులో వద్దనే సంగతి మాట చివర వస్తుంది. ‘పరుగెత్తకు’ అంటే వాడి చెవికి ముందు తగిలేది పరుగే, చివరి ‘కు’ వినేలోపు కాళ్లు కదిలిపోతాయి. ‘నడువు’ అనండి. ‘అరవకు’ బదులు ‘మెల్లగా చెప్పు’. ‘చెల్లిని కొట్టకు’ బదులు ‘చేతులు నీ ఒళ్లో పెట్టుకో’. మా ఇంట్లో ఈ ఒక్క మార్పు అలవాటు కావడానికి పెద్దవాళ్లమైన మాకే నెల పట్టింది.

‘స్నానం చేస్తావా?’ అని అడగకండి. అది ప్రశ్న కాబట్టి ‘చేయను’ అన్నది సరైన జవాబే అవుతుంది. ‘స్నానం వేళయింది. ఎర్ర మగ్గా, నీలం మగ్గా?’ అనండి. ఆట ఆపించడానికి ఐదు నిమిషాల ముందు ఒకసారి, ఒక నిమిషం ముందు ఇంకోసారి చెప్పండి. ఐదు నిమిషాలంటే వాడికి తెలియదు. ‘ఇంకా మూడుసార్లు జారి వెళ్లిపోదాం’ అంటే తెలుస్తుంది.

ఆరో అడుగు: రోజూ పది నిమిషాలు వాడి ఏలుబడి

రోజుకు పది నిమిషాలు, ఫోను మరో గదిలో పెట్టి, వాడు ఎంచుకున్న ఆటలో వాడు చెప్పినట్టు కూర్చోండి. ఆ పది నిమిషాల్లో ఆజ్ఞలు వద్దు, పాఠాలు వద్దు, ‘ఇది ఏ రంగు?’ లాంటి ప్రశ్నలు వద్దు. వాడు చేసేదాన్ని మాటల్లో చెబుతూ ఉండండి: ‘లారీ మీద ఇటుకలు పేర్చావు. ఇప్పుడు పోర్టుకు వెళ్తోంది.’ అలా చెబుతుంటే వాడి ధ్యాస ఆ పని మీదే ఇంకాసేపు నిలుస్తుంది. రోజంతా తిట్లు తినే పిల్లవాడికి ఇది అన్నం లాంటిది. వాడు ఆ రోజు ఎంత అల్లరి చేసినా ఈ పది నిమిషాలను శిక్షగా కోసేయకండి.

ఏడో అడుగు: మెచ్చుకోండి, గవ్వలు వేయండి

ఎదుట పొగిడితే దిష్టి తగులుతుందని మన పెద్దలు వెనకాడతారు. వాళ్ల మాట కాదనకుండానే ఒక దారి ఉంది: పిల్లవాణ్ని కాదు, వాడు చేసిన పనిని చెప్పండి. ‘బంగారు కొండవి’ అనడం కంటే ‘చెల్లి బొమ్మ అడిగి తీసుకున్నావు’ అనడం ఎక్కువ నేర్పుతుంది. దేన్ని మళ్లీ చేయాలో వాడికి తెలుస్తుంది. పని జరిగిన వెంటనే చెప్పండి. రాత్రి గుర్తుచేస్తే అది వేరే రోజు సంగతి.

మాటతో పాటు చేతికి తగిలేది ఒకటి ఉంటే ఇంకా మేలు. బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు మా ఇంట్లో పనికొచ్చాయి. స్టీలు గ్లాసులో గవ్వ పడిన చప్పుడే వాడికి పండగ. ఒకటి రెండు పనులే ఎంచుకోండి: భోజనం అయ్యేదాకా పీట మీద కూర్చోవడం, రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవడం. ఐదు గవ్వలైతే ఆ రోజే బహుమతి ఇవ్వండి, అది కూడా డబ్బుతో కొనేది కానక్కర్లేదు. పడుకునే ముందు ఇంకో కథ, నాన్న భుజాల మీద సవారీ, దోసె వాడే తిప్పడం. వారం చివర ఇస్తామంటే నాలుగేళ్లవాడికి అది వచ్చే జన్మ. ఒకసారి వేసిన గవ్వను ఏ తప్పుకూ వెనక్కి తీయకండి. సంపాదించింది పోతుందని తెలిస్తే సంపాదించడమే మానేస్తాడు.

ఎనిమిదో అడుగు: ఆగడం నేర్పే ఆటలు మన దగ్గరే ఉన్నాయి

ఏకాగ్రత పెంచుతామని చెప్పి అమ్మే ఖరీదైన సామాను చూసినప్పుడల్లా నాకు మన పాత ఆటలు గుర్తొస్తాయి. ‘కాకి ఎగిరింది, చిలుక ఎగిరింది’ అంటుంటే చేతులు ఎత్తాలి. ‘గేదె ఎగిరింది’ అన్నప్పుడు ఎత్తకూడదు. లేచిపోతున్న చేతిని ఆపుకోవడమే ఆ ఆట అంతా. బడిలో రోజూ ఐదు నిమిషాలు ఆడిస్తాను. మొదటి వారం గేదెలూ ఏనుగులూ అన్నీ ఎగురుతాయి. మూడో వారానికి చేయి సగం లేచి ఆగుతుంది. ఆ సగంలో ఆగిన చేయిని చూసిన రోజు నాకు పట్టరాని సంతోషం.

గుడుగుడు గుంచం ఆటలో పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వంతు వచ్చేదాకా కదలకుండా ఉండాలి. కాళ్లు చాపి కూర్చుని ఆడే కాళ్లాగజ్జెలో పాట తన కాలి మీదికి వచ్చేదాకా ఎదురుచూడాలి. వీరివీరి గుమ్మడిపండులో కళ్లు మూసుకుని చెవి పెట్టి వినాలి. పరుగెడుతూ ‘స్టాచ్యూ’ అనగానే బిగుసుకుపోవడం, పాట ఆగగానే ఆగిపోవడం కూడా ఇదే కోవలోవి. నిండా నీళ్లున్న చెంబును ఒలక్కుండా పెరటి తులసి దాకా తీసుకెళ్లమనండి. ఓడిపోయినవాణ్ని ఆట నుంచి బయటికి పంపే పద్ధతి మాత్రం వద్దు. ఎక్కువ అభ్యాసం కావలసినవాడే ముందుగా బయటికి వెళ్లి కూర్చుంటాడు.

తొమ్మిదో అడుగు: కొట్టినప్పుడు, కొరికినప్పుడు

ముందు దెబ్బ తిన్న పిల్లను దగ్గరకు తీసుకోండి. ఆ తర్వాత వీడి చేయి పట్టుకుని గట్టిగా, అరవకుండా ‘కొడితే నొప్పి. ఇక్కడ కూర్చో’ అని పక్కన కూర్చోబెట్టండి. ఏటికి ఒక నిమిషం చొప్పున, నాలుగేళ్లవాడికి నాలుగు నిమిషాలు చాలు. చీకటి గదిలో పెట్టకండి, బూచాడి భయం పెట్టకండి. ఆ సమయంలో ఉపన్యాసం వద్దు, ఒళ్లు ఉడికిపోతున్నప్పుడు ఏ మాటా తలకెక్కదు. కూర్చోవడం అయ్యాక ‘బొమ్మ కావాలంటే ఏమనాలి?’ అని అడిగి, ‘నాకు ఇస్తావా?’ అని అప్పుడే ఒకసారి అనిపించి, అదే ఆటలోకి తిరిగి పంపండి.

దెబ్బ వేయడం గురించి నా అభిప్రాయం దాచుకోను. వేశాను, అదే నాకు మిగిలిన బాధ. కోపం వస్తే చేయి ఎత్తవచ్చని వాడికి కళ్లారా చూపించినట్టయింది, వాడు చెల్లి మీద అదే చేశాడు. మారాం, ఏడుపు లాంటివాటిని పట్టించుకోకుండా వదిలేయండి. అయితే వదలడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో అవి తగ్గే ముందు పెరుగుతాయి. మూడో రోజు విసిగి లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటాడు. నిలబడగలనన్న నమ్మకం ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

పదో అడుగు: ఇల్లు దాటేటప్పుడు

మన ఊళ్లో సముద్రం ఇంటి ముందరి వాకిలి లాంటిది కాబట్టి ముందు దాని గురించే. ఆర్కే బీచ్‌లో పైకి ప్రశాంతంగా కనిపించినా మనిషిని సముద్రం లోపలికి లాగేసే ప్రవాహం బలంగా ఉంటుంది. ఈత వచ్చిన పెద్దవాళ్లే కొట్టుకుపోయారు. దూకుడుగా ఉండే పిల్లవాడి వెంట ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా ఇసుకలోకి దిగకండి. బీచ్ రోడ్డు దాటక ముందే మోకాళ్ల మీద కూర్చుని మూడు మాటలు చెప్పి, వాడితో తిరిగి చెప్పించండి: చేయి పట్టుకుంటా, తడి ఇసుక దగ్గర ఆగుతా, పిలిస్తే వస్తా. అక్కడికి వెళ్లాక కర్రతో ఇసుకలో గీత గీసి, ఆ గీత దగ్గర ఆగి నిలబడటాన్నే ఆటగా ఆడండి. గవ్వల గ్లాసు పక్కనే ఉండాలి.

రైతు బజారుకు వెళ్తే వాడికి ఒక ఉద్యోగం ఇవ్వండి: బెండకాయలు ఏరడం, సంచి పట్టుకోవడం. పని ఉన్న చేయి పక్క బుట్టలోకి పోదు. సింహాచలం కొండకు రద్దీ లేని రోజున ఉదయాన్నే వెళ్లండి. చందనోత్సవం నాటి క్యూలో ఇలాంటి పసివాణ్ని గంటల తరబడి నిలబెట్టడం వాడికీ మీకూ శిక్షే, అప్పన్న ఏమీ అనుకోడు. పెళ్లిళ్లకు వెళ్తే గంటలో వచ్చేయండి. బాగా గడిచిన గంట వాడికి ఒక గెలుపు.

పదకొండో అడుగు: ఇంట్లో పెద్దలు, బడిలో టీచరు

అమ్మ కూడదన్నది నాన్నమ్మ దగ్గర దొరికితే పై అడుగులన్నీ వృథా. అయితే ‘మీ గారాబం వల్లే ఇలా అయ్యాడు’ అంటే సంధి కుదరదు. మా అత్తయ్యగారికి నేను నోటు పుస్తకం చూపించి ‘సాయంత్రం పూట మీరే వాడితో గుడుగుడు గుంచం ఆడించాలి అత్తయ్యా, నా వల్ల కావడం లేదు’ అన్నాను. ఆ తర్వాత గవ్వల లెక్క ఆమే నాకంటే పట్టుగా చూశారు. మూడు నియమాలే పెట్టుకుని, అందరూ అవే మాటల్లో చెప్పండి.

టీచరును సాయంత్రం గేటు దగ్గర హడావిడిలో కాక, సమయం అడిగి కలవండి. కిటికీకి, తలుపుకు దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టమనండి. పలకలు పంచే పనో, నీళ్ల సీసాలు సర్దే పనో అప్పగిస్తే లేచి తిరగడానికి గౌరవమైన కారణం దొరుకుతుంది. రోజుకొక మంచి సంగతి డైరీలో రాయమని వేడుకోండి. ఫిర్యాదులు మాత్రమే మోసుకొచ్చే డైరీని పిల్లవాడు త్వరగానే ద్వేషిస్తాడు.

పన్నెండో అడుగు: వైద్యుల దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి

పిలిస్తే పలకడం లేదు, మాటలు రాలేదు లేదా వచ్చినవి పోయాయి, కళ్లలోకి చూడడు, ఉన్నట్టుండి కొద్ది క్షణాలు కళ్లు నిలిచిపోయి పిలిచినా ఈ లోకంలో లేనట్టు ఉంటాడు, ఇలాంటివి ఉంటే రెండు వారాలు రాయడం, ఆటలు ఆడించడం అని ఆగకండి. వెంటనే పిల్లల వైద్యుల దగ్గరికి వెళ్లండి. చివరిది మూర్ఛలో ఒక రకం కావచ్చు. తనకో పక్కవాళ్లకో గాయాలవుతున్నా, బడి నుంచి పంపేస్తామంటున్నా కూడా ఆలస్యం వద్దు. ఇవేవీ లేకుండా, పై అడుగులు మూడు నెలలు నిజాయితీగా పాటించినా మార్పు రాకపోతే అప్పుడూ వెళ్లాలి.

విశాఖ మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు వినగానే కుటుంబాలు జంకుతాయి. జంకవద్దని చేతులు జోడించి అడుగుతాను, అక్కడికి వెళ్లినంత మాత్రాన పిల్లవాడి మీద ఏ ముద్రా పడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి, అక్కడ రుసుము ఉండదు. మీ అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. ఇంట్లోంచి కదలలేని రోజున, అర్ధరాత్రి అయినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అలసిపోయిన తల్లి తన కోసం కూడా చేయవచ్చు.

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేవు. ఇంట్లోవాళ్ల మాట, టీచరు మాట, పిల్లవాణ్ని గమనించిన తీరు కలిపి వైద్యులు నిర్ణయిస్తారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం ఈ అంచనా నాలుగేళ్లు నిండాక చేయవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. అది సరిపోక, ఇబ్బంది తీవ్రంగా ఉన్నప్పుడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు గురించి ఆలోచిస్తారు. మొదటి రోజే మందు చీటీ చేతికొస్తే, ముందు శిక్షణ ఎక్కడ దొరుకుతుందని అడగండి. వైద్యులు ఆలోచించి మందు అవసరమంటే మాత్రం, బంధువుల మాట విని మధ్యలో ఆపకండి.

వెళ్లే రోజు పిల్లవాడు నిద్ర చాలి, కడుపు నిండి ఉండేలా ఉదయం వేళ ఎంచుకోండి. నోటు పుస్తకం, టీచరు రాసిచ్చిన కాగితం, వినికిడి పరీక్ష ఫలితం, ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. వాడి ముందు వాడి తప్పులు ఏకరువు పెట్టకుండా, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వాణ్ని బయట ఆడించండి. ఇంట్లో చేయవలసినదేమిటో, బడికి చెప్పవలసినదేమిటో, మళ్లీ ఎప్పుడు రావాలో మూడూ అదే పుస్తకంలో రాయించుకుని రండి.